ఎండ కాచిన కాఫీ

పొయ్యిలోకి కొబ్బరి డొక్కకీ, మట్టకీ ఏనాడూ కరువు లేని మామిడికుదురులో, ఎండతో నీళ్ళు కాచుకుందామనే బుద్ధి ఒక్క మాణిక్యాలరావుకే పుట్టింది. పుట్టింది ఊరికే ఉండనిస్తుందా? పేపర్లో ఎవరో రాసిన నాలుగు ముక్కలు చదివి, వడ్రంగి నతానియేలు చేత చెక్కపెట్టె చేయించాడు. దాంట్లో ఒక రేకుపెట్టె దింపి, వేడి పోకుండా మధ్య సందులో ఊకా, కొబ్బరి పీచూ కూరాడు. దీపం మసి నూనెలో కలిపి రేకుకి లోపలంతా నల్లగా పూశాడు. అంతవరకూ బాగానే ఉంది. మూతకి అద్దం కావలసి వచ్చింది. అమలాపురం వెళ్ళి కొనుక్కోవచ్చు. ఆ ఓపిక లేక, భార్య వీరవేణి పుట్టింటి నుంచి తెచ్చుకున్న అద్దాల బీరువాకి ఒక తలుపు ఊడదీశాడు.

ఆ పూట నుంచి వీరవేణి ఆయనతో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేది. ఏం చెప్పాలన్నా వసారా స్తంభంతో చెప్పేది. అన్నం వడ్డించానని స్తంభానికి చెప్పి లోపలికి పోయేది. స్తంభం తినదు కాబట్టి మాణిక్యాలరావు వెళ్ళి తినేవాడు. నెల తిరగబోతోంది. వేడినీళ్ళు ఎలా పోయినా, ఆవిడ తన మొహం చూసి ఒక్క మాట అంటే చాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోయేది. ఆ అద్దం మళ్ళీ బిగించేస్తే పోయేది కదా అంటారా? అది మీకూ నాకూ తోస్తుంది. పెట్టె కట్టిన మగవాడికి తోచదు.

పైగా ఎదురింటి జగ్గయ్య ఒకడు. పెరట్లో కొబ్బరిచెట్ల నీడ జరుగుతున్నకొద్దీ మాణిక్యాలరావు పెట్టె ఈడ్చుకుంటూ ఎండ వెనకాల తిరిగేవాడు. జగ్గయ్య దడి మీంచి తొంగి చూసి, మాణిక్యం సూర్యుడి దగ్గర పాలేరుగా కుదిరాడని వీధంతా చెప్పాడు. లోపల జగ్గయ్య పెళ్ళాం అప్పాయమ్మ, మీకెందుకండీ ఆయన గొడవ అని విసుక్కునేది.

ఆ అప్పాయమ్మ ఒకనాటి తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. పెద్దకొడుకు విశాఖపట్నం నుంచి రైలు దిగి, పడవ మీద రేవు దాటి రావాలి. సాయంత్రందాకా శవం లేవదు. శవం లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించకూడదు. అప్పాయమ్మ మంచి మనిషి, అందరికీ దుఃఖం వచ్చింది. పొద్దెక్కేసరికి కాఫీ లేని దుఃఖం కూడా వచ్చి మొదటిదాన్ని మించిపోయింది. అది పైకి చెప్పుకునే దుఃఖం కాదు. ఏడ్చే ఆడవాళ్ళు మధ్యమధ్య ఆపి కణతలు నొక్కుకుంటున్నారు. వీరవేణి అయితే తలకి గుడ్డ బిగించి కట్టుకుంది.

మాణిక్యాలరావు అది చూశాడు. ఒక గిన్నెలో నీళ్ళూ, ఇంకోదాంట్లో పాలూ పోసి పెట్టెలో పెట్టి, నీడ పడని చోటని నడివీధిలోకి ఈడ్చుకొచ్చాడు. ఇది పొయ్యి కిందికి వస్తుందా రాదా అని పెద్దలు తర్కంలో పడ్డారు. తేల్చలేక పురోహితుణ్ణి అడిగారు. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

"పొయ్యి వెలిగించొద్దన్నారు గానండీ, సూర్యుణ్ణి ఆర్పమన్లేదు కదండీ. నాకు మాత్రం పంచదార తక్కువెయ్యండి."

ధర్మం తేలిపోయింది. అక్కణ్ణుంచి మొదలైంది అసలు గొడవ. పరామర్శకి వచ్చిన ప్రతివాడూ కాగిందా అని మూత ఎత్తి చూడటమే. ఎత్తినప్పుడల్లా లోపలి వేడి కాస్తా గాలిలో కలిసిపోతోంది. చావింటి ముందు నలుగురినీ కసురుకోలేక మాణిక్యాలరావు నలిగిపోయాడు. ఇలా అయితే కొడుకు వచ్చినా పాలు కాగవు. ఇంక వీరవేణి జన్మలో మాట్లాడదు.

ఇంతలో ఆవిడే ఏడుపుల మధ్యనించి లేచి, ముక్కు తుడుచుకుని వచ్చింది. పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఇది మా పుట్టింటి అద్దమండి. చెయ్యేసినోళ్ళకి కాఫీ లేదు."

ఎవరూ దగ్గరికి రాలేదు. మాణిక్యాలరావు ఆవిడ వంక చూశాడు. ఆవిడ అద్దం వంకే చూస్తోంది.

మిట్టమధ్యాహ్నం దాటాక నీళ్ళ మీద పొగ లేచింది. వీరవేణి పొడి కలిపి, గుడ్డలో వడకట్టి, పాలు పోసి, మొదటి గ్లాసు జగ్గయ్యకే తీసుకెళ్ళింది. వెనకే గిన్నె పట్టుకుని మాణిక్యాలరావు వెళ్ళాడు. జగ్గయ్య పొద్దుట్నుంచీ పెళ్ళాం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కంట చుక్క రాలేదు. గుక్క తాగి గ్లాసు వంక చూశాడు. ఈ మనిషి ఇప్పుడూ వెక్కిరిస్తాడని మాణిక్యాలరావు గుండె దిటవు చేసుకున్నాడు.

"చల్లగా ఉందమ్మా," అన్నాడు జగ్గయ్య. "అది నోరు కాలేలా ఇచ్చేది. రోజూ తిట్టేవోణ్ణి."

అప్పుడు ఏడ్చాడు, గ్లాసు వదలకుండా, చిన్నపిల్లాడిలా. మాణిక్యాలరావు గిన్నె అక్కడే పెట్టేసి ఇవతలికి వచ్చేశాడు.

కాఫీ జగ్గయ్య వసారా దాటకుండానే అయిపోయింది. పంచదార తక్కువన్న పురోహితుడు రెండుసార్లు తాగాడు. మాణిక్యాలరావు తన అరుగు మీద ఒక్కడూ కూర్చున్నాడు. పెట్టె గెలిచిందో ఓడిందో ఆయనకి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా లేదు.

వీరవేణి వీధి దాటి వచ్చింది. చేతిలో సగం తాగిన తన గ్లాసు ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్నగా వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"మీరు తాగేరా?"

"ఆయ్... లేదు. అయిపోయింది."

తన గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. అది చల్లారి, మీద మీగడ కట్టి ఉంది. మాణిక్యాలరావు ఒక గుక్క తాగాడు.

"నోరు కాలిపోయింది వేణీ," అన్నాడు.

"ఊదుకుని తాగండి," అంది వీరవేణి.