మాక్రో మింగిన అంకెలు

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆఫీసులో ఎక్కడా వినపడదు. అందరూ మాక్రోమ్మ అంటారు. మొదట్లో ఏడిపించడానికి అన్నారు, తర్వాత అవసరం కొద్దీ అన్నారు, ఇప్పుడు అలవాటైపోయి అంటున్నారు. ఆమె కూడా పలుకుతుంది. కంప్యూటరు షీటులో రెండు గంటలు పట్టే పనిని, మాక్రో అనే ఆదేశాల చిట్టా రాసిపెట్టి, ఒక్క మీట నొక్కి రెండు నిమిషాల్లో తేల్చేసే మనిషిని ఏ పేరుతో పిలిస్తే ఏం?

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. తొమ్మిదిమంది మెకానిక్కులు, రెండొందల పైచిలుకు లిఫ్టులు. నెలకోసారి ప్రతి లిఫ్టు దగ్గరికీ వెళ్లి, చూసి, ఏం చూశారో ఫోనులోనే 'గమనిక' అనే గడిలో రాయాలి. రాసిందంతా ఆఫీసు షీటులోకి వచ్చి పడుతుంది. మేనేజరుకి ఒకటే అనుమానం. వీళ్లు వెళ్లకుండానే, ఏ టీ కొట్టు దగ్గరో కూర్చుని, పోయిన నెల రాసిందే మళ్లీ అతికించేస్తున్నారని. "షీటులో లేనిది లోకంలో లేదు" అనేది ఆయన రోజూ చెప్పే మాట. కానీ షీటులో ఉన్నదాన్నీ ఆయన నమ్మడు.

ఆ అనుమానం తీర్చడానికే ఆమె ఒక మాక్రో రాసింది. ఈ నెల గడిలోని మాటల్ని పోయిన నెల గడిలోని మాటల పక్కన పెట్టి, ఒక్కొక్కటే పోల్చి, నూటికి ఎన్ని కలిశాయో చెబుతుంది. తొంభై దాటితే గడి ఎర్రబడుతుంది. మొదటిసారి నడిపినప్పుడు ఇద్దరు ముగ్గురు గడుసువాళ్లు తప్పించుకున్నారు. వాళ్లు వాక్యం మార్చరు, అందులో తేదీ, టైము మాత్రం మారుస్తారు. అందుకని ఆమె వాళ్లకంటే రెండాకులు ఎక్కువ చదివినట్టు ఇంకో లైను చేర్చింది. పోల్చేముందు గడిలోంచి అంకెలన్నీ తీసెయ్యమని. ఆ రోజు ఇంటికెళ్లి అత్తగారికి కూడా చెప్పుకుని మురిసిపోయింది.

గురువారం మధ్యాహ్నం మాక్రో పూర్తి జాబితా ఇచ్చింది. అన్నిటికంటే పైన బాబాయి ఉన్నాడు.

బాబాయి అంటే కంపెనీలో అందరికంటే పాత మెకానిక్కు. అందరికీ బాబాయే, మేనేజరుకి కూడా. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఆయన చూసే ఒక ఆరంతస్తుల బిల్డింగు లిఫ్టుకి ముప్పై ఒక్క నెలల గమనికలున్నాయి. ముప్పై ఒక్కటీ నూటికి నూరు కలిశాయి. ఆ వరస మొత్తం పండు మిరపకాయలు ఆరబోసినట్టుంది.

మేనేజరు ఆ ఎరుపు చూసి కుర్చీలోంచి లేచాడు. "చూశారా! ఉపదేశాలు చెప్పే పెద్దమనిషి చేసే పని ఇది. రేపు సాయంత్రం ఐదుకల్లా తీసేస్తున్నట్టు లెటరు పోవాలి. మీరే తయారు చెయ్యండి."

"ఒకసారి ఆయన్ని అడుగుదామా సార్?"

"అడిగితే ఏం చెబుతాడమ్మా? దొంగని అడిగి దొంగతనం రాసుకుంటామా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. పైగా ఆ కుందేలుని పట్టిచ్చింది ఆమే. లెటరు మొదలుపెట్టింది, 'ఇందుమూలముగా' దాకా రాసి ఆగిపోయింది.

ఆమెకొక జబ్బుంది. ఏదైనా అతకకపోతే అన్నం సయించదు. జాబితాలో ఎర్రబడ్డ మిగతావాళ్ల గమనికల పక్కన టైములు చూసింది. గడి తెరిచిన టైమూ, రాసి ముగించిన టైమూ షీటులో వాటంతటవే పడతాయి. అతికించేవాళ్లకి ఎనిమిది సెకన్లు, పది సెకన్లు. బాబాయికి ప్రతినెలా నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. అంటే ఆయన కాపీ కొట్టలేదు. ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అదే వాక్యాన్ని ముప్పై ఒక్కసారి కొత్తగా రాశాడు.

బద్ధకస్తుడు ఎవడైనా అంత కష్టపడి బద్ధకిస్తాడా?

రాత్రి భోజనాల దగ్గర అత్తగారిని అడిగింది. "అత్తయ్యా, ఒక మనిషి ప్రతిసారీ ఒకే మాట చెబుతున్నాడనుకోండి. ఏమనుకుంటారు?"

"మీ మామయ్య గారనుకుంటా" అంది ఆవిడ కంచంలోంచి తల ఎత్తకుండా. మామగారు వినపడనట్టు మంచినీళ్లు తాగారు. తర్వాత ఆవిడే మళ్లీ అంది. "అబద్ధమాడేవాడు మాట మారుస్తూ ఉంటాడే అమ్మాయ్. ఒకే మాట మీద ఉన్నాడంటే వాడికి దానితో ఏదో పనుంది."

మర్నాడు ఆఫీసు తెరవగానే ఆమె బాబాయి గమనికలున్న వరసని వెడల్పు చేసింది. అప్పటిదాకా గడి ఇరుకుగా ఉండి మొదటి మూడు మాటలే కనిపించేవి. మాక్రో చదువుతోంది కదా, మనిషికి ఎందుకని ఎవరూ జరపలేదు. ఇప్పుడు వాక్యం మొత్తం కనిపించింది.

'నాలుగో అంతస్తులో దిగేటప్పుడు లిఫ్టు పెట్టె గడప కంటే 4 మి.మీ. కింద ఆగింది. మిగతావి బాగున్నాయి.'

కింది గడి కూడా అంతే. దాని కిందిదీ అంతే. కానీ ఆ నాలుగు నాలుగుగా లేదు. ఏడాదిపాటు నాలుగు, ఐదు మధ్యే ఉంది. తర్వాత ఆరు. ఏడు. కొన్నాళ్లు ఎనిమిది దగ్గర నిలిచింది. తొమ్మిది. పదకొండు. పన్నెండు. పోయిన వారం రాసినది పద్నాలుగు.

ఆమె నాలిక కరుచుకుంది. ఆ వాక్యంలో బాబాయి చెప్పిందల్లా ఆ ఒక్క అంకే. పోల్చేముందు దాన్నే తీసెయ్యమని మాక్రోకి నేర్పింది తనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పరుగున వెళ్లి మేనేజరుకి చూపించింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"అంకె మార్చి రాయడం పెద్ద విద్యా? దొంగలు మార్చేది అంకెలేనని మీరేగా చెప్పారు?"

"పెరుగుతూ వచ్చింది కదా సార్?"

"ఇంట్లో కూర్చుని పెంచుకుంటూ పోవచ్చు. వెళ్లి కొలిచాడని రుజువేంటి?"

ఆమె రాసిన లైనే ఆమె నోరు మూయించింది. అయినా ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే, అందుకే ఇంకా ఒళ్లు మండింది. రుజువు షీటులో దొరకదు. లిఫ్టు దగ్గరే దొరుకుతుంది. ఆమె సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి సంచిలో వేసుకుంది. నిజంగా పద్నాలుగుకి దగ్గరగా ఉంటే బాబాయి వెళ్లాడు, కొలిచాడు. నాలుగే ఉంటే లెటరు తనే పూర్తి చేస్తుంది. దారంతా స్కేలు మీద చెయ్యి తియ్యలేదు.

బిల్డింగు పాతది. మెట్ల దగ్గర చెప్పుల స్టాండు, ఉత్తరాల పెట్టెలు, గోడ మీద పిల్లలు గీసిన క్రికెట్ వికెట్లు. ఆమె లిఫ్టులో ఆరో అంతస్తుకి వెళ్లి, అక్కణ్ణించి నాలుగు నొక్కింది. దిగేటప్పుడు అని రాశాడు కదా. లిఫ్టు ఆగింది. ఆగాక, ఇంకా ఏదో గుర్తొచ్చినట్టు, కొంచెం కిందికి జారి అప్పుడు నిలబడింది. తలుపు తెరుచుకుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, స్కేలు నిలబెట్టి, చెంప దాదాపు నేలకి ఆనించి చూసింది.

పదిహేను.

"ఏం పోయిందమ్మా? ఉంగరమా?" చేతికర్ర పట్టుకుని లిఫ్టు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ అడిగింది.

"ఏం లేదండీ. గడప కొలుస్తున్నా."

"కొలవండి, కొలవండి. మొన్న అక్కడే కాలు తట్టుకుని ముందుకి పడబోయాను. కళ్లు కనపడక అన్నాడు మావాడు."

ఆమె మళ్లీ పైకి వెళ్లి, మళ్లీ దిగి, మళ్లీ కొలిచింది. పదిహేనే. సంతోషం ముందు వచ్చింది, ఆ వెనకే భయం. మనిషి నిజాయితీ తేలింది, సరే. కానీ లిఫ్టు నిలవాల్సిన చోట నిలవడం లేదు, ఆ సంగతి అరిచి చెప్పే గడిని ఎవరూ చదవలేదు. బాబాయికి ఫోను చేసింది.

"పదిహేనా?" అన్నాడు ఆయన. "స్కేలు నిటారుగా పెట్టావా తల్లీ?"

"రెండుసార్లు పెట్టాను బాబాయ్."

"అయితే అక్కడే ఉండు. ఎవర్నీ ఎక్కనివ్వకు."

పెద్దావిడ కర్రని అడ్డంగా పెట్టుకుని ఆమెతోపాటు కాపలా కాసింది. అరగంటలో బాబాయి మెట్లెక్కి వచ్చాడు. చొక్కా జేబులో పెన్ను, చంకలో రేకు పెట్టె. తను కూడా ఒకసారి కొలిచాడు, తల ఊపాడు, పైన మోటారు గదికి వెళ్లి లిఫ్టు ఆపేసి తాళం వేసి దిగాడు. మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"బ్రేకు లైనర్లు, అదే మోటారు చక్రాన్ని పట్టి ఆపే పట్టీలు, అరిగిపోయాయి. స్ప్రింగు రెండుసార్లు బిగించా. బిగించినకొద్దీ ఇంకా అరుగుతుంది. పదిహేనొస్తే ఎవరేమన్నా ఆపేద్దామనే అనుకున్నా."

"ఆఫీసుకి ఫోను చెయ్యలేదా?"

"రెండుసార్లు చేశాను. షీటులో రాయమన్నారు. రాస్తూనే ఉన్నాగా."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. ఆ చెవిటివాడికి చెవులు తీసేసింది ఎవరో ఆమెకి తెలుసు. అయినా అడగాల్సింది ఇంకొకటి మిగిలిపోయింది.

"ప్రతిసారీ అచ్చు అదే వాక్యం ఎందుకు బాబాయ్? ఒక మాట కూడా మార్చలేదు మీరు."

ఆయన ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "మాటలు మారుస్తూ పోతే చదివేవాడి చూపు మాటల మీదికి పోతుంది. మాటలు కదలకుండా ఉంటే కదిలేది ఒక్కటే కనపడుతుంది. నీకు ముందు ఆ పని చేసిన పెద్ద గుమాస్తా, నేనూ అలా అనుకున్నాం. ఆయన ప్రతి గడీ చదివి పక్కన 'చూశాను' అని రాసేవాడు. అంకె పది దాటితే నేను అడగక్కర్లేదు, లైనర్లు వచ్చేసేవి."

ఆ వరస ఆమెకి బాగా గుర్తుంది. చేరిన మొదటి వారమే షీటు శుభ్రం చేస్తూ చూసింది. పైనుంచి కింది దాకా ప్రతి గడిలోనూ ఒకటే మాట. 'చూశాను, చూశాను, చూశాను.' ఎప్పుడూ మారని వరస వల్ల ఏం ఉపయోగమని మొత్తం తీసిపారేసింది.

"రెండేళ్ల నుంచీ ఆ మాట రావట్లేదు" అన్నాడు బాబాయి. "కొత్త పద్ధతి కదా, మనసులోనే చదువుకుంటున్నారేమో అనుకున్నా."

"లేదు బాబాయ్. ఎవరూ చదవలేదు" అంది ఆమె. "నేనే చదవలేదు."

ఆయన స్కేలు తుడిచి ఆమె చేతికిచ్చాడు. "బాగానే కొలిచావు. నేర్చుకుంటే మెకానిక్కువి అవుతావు" అన్నాడు. కోప్పడి ఉంటే ఆమెకి ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం మూడింటికి ఆమె మాక్రో తెరిచింది. అంకెలు తీసేసే లైను ముందు పైకి ఎగిరిన కామా లాంటి చిన్న గుర్తు పెట్టింది. అది పెడితే లైను అక్కడే ఉంటుంది, నోరు మాత్రం ఎత్తదు. తర్వాత కింద ఇంకో నాలుగు లైన్లు రాసింది. మాటలు కలిసిన చోట ఊరుకోకుండా, మిగిలిన తేడా ఏంటో బయటికి తీసి పక్క వరసలో పెట్టమని. నడిపితే బాబాయి వరసలో నాలుగు నుంచి పద్నాలుగు దాకా మెట్లు మెట్లుగా కనిపించాయి.

ఊరికే ఉండలేక మిగతావాళ్లని కూడా చూసింది. ఏ నెలకా నెల కొత్తగా రాసి, ఎప్పుడూ ఎర్రబడకుండా, మేనేజరు మెప్పు పొందే మెకానిక్కు ఒకడున్నాడు. ఆఫీసులో కవిగారంటారు. 'లిఫ్టు హాయిగా, హుందాగా నడుస్తోంది', 'తలుపులు మనసెరిగి తెరుచుకుంటున్నాయి' లాంటివి రాస్తాడు. రెండేళ్ల గమనికల్లో ఒక్క అంకె కూడా లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా! ఆమె కవిగారి గమనికలూ, బాబాయి అంకెల వరసా రెండు కాగితాల మీద అచ్చు తీసి పెట్టుకుంది.

ఐదింటికి మేనేజరు బల్ల మీద ఆ కాగితాలూ, లెటరూ పెట్టింది. ఆయన సంతకానికి పెన్ను తీసి, చదివి, ఆగాడు. అది తీసేస్తున్న లెటరు కాదు. బ్రేకు లైనర్లు వెంటనే పంపమని స్టోరుకి రాసిన లెటరు. కింద ఆమె సంతకం, ఆ పైన రెండు ముక్కలు: 'మూడు నెలల ముందే పంపాల్సింది. గమనికల్లోని అంకెలు చూడకుండా చేసినది నేను.'

"లిఫ్టు ఆపేశారని పొద్దుట్నించి ఆ బిల్డింగువాళ్లు నా చెవులు తినేస్తున్నారు" అన్నాడు మేనేజరు.

"నేనే కొలిచాను సార్. పదిహేను."

ఆయన కవిగారి కాగితం కూడా చదివాడు. బాబాయి అంకెల వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించాడు. పద్నాలుగు దగ్గర వేలు ఆగిపోయింది. ఆ రెండు ముక్కలు కొట్టెయ్యమంటాడని ఆమె ఎదురు చూసింది. ఆయన వాటి కిందే సంతకం పెట్టి, "కవిగారిని సోమవారం రమ్మనండి" అన్నాడు.

తర్వాతి నెల మాక్రో నడిపితే జాబితాలో మళ్లీ బాబాయే పైన ఉన్నాడు, మళ్లీ ఎర్రగా. ఆమె గడిని వెడల్పు చేసి, కళ్లతో చదివింది.

'నాలుగో అంతస్తులో దిగేటప్పుడు లిఫ్టు పెట్టె గడప కంటే 2 మి.మీ. కింద ఆగింది. మిగతావి బాగున్నాయి.'

పక్కన ఖాళీ వరస ఒకటి చేర్చింది. అందులో ఒక్క మాట రాసింది.

చూశాను.