లేడు అన్న మాట

నెత్తళ్ళను తిరగేసేటప్పుడు పోలేరమ్మ నడుం వంచదు, కూర్చుంటుంది. వంగితే మళ్ళీ లేవడం కష్టమని ఆమె నడుము ఎప్పుడో తేల్చి చెప్పేసింది. ఇసుక మీద పరిచిన పాత వలపైన ఆ చిన్న చేపల్ని అరచేత్తో నెట్టి, తడి వైపు పైకి తెచ్చి, కూర్చున్నచోటి నుంచే పక్కకు జరుగుతూ పోతుంది. ఉప్పుకు పగిలిన అరికాళ్ళు, ఎండకు రంగు వెలిసిన రవికె, కాకుల్ని తోలడానికి ఒడిలో ఒక ఈతమట్ట. యాభై ఎనిమిదేళ్ళలో ముప్పై ఏళ్ళు ఈ ఇసుక మీదే గడిచాయి.

కొత్తకుప్పంలో ఆమె గురించి చెప్పుకోవలసిన విశేషం ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు ఒకటుంది. పది నెలలుగా ఆమె నోట లేదు, లేడు అన్న మాట రాలేదు. ఉప్పు అయిపోతే నిండుకుందంటుంది, అది అందరూ అనేదే. కానీ కరెంటుందా అని పక్కింటివాళ్ళు అడిగితే "రావాల" అంటుంది. జ్వరం తగ్గిందా అంటే "తగ్గాల" అంటుంది. మొదట్లో ఆడవాళ్ళు దీన్ని పట్టుకుని ఆమెను బాగా ఆడించారు, కావాలని అడ్డదిడ్డం ప్రశ్నలు వేసి నవ్వారు. కారణం తెలిశాక మానుకున్నారు.

కారణం ఆమె తమ్ముడు మాల్యాద్రి. ఆమెకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. తల్లి కాలం చేశాక చంకనేసుకుని పెంచింది. పెళ్ళి ఊసెత్తితే నవ్వి లేచిపోయే రకం. గుడిసె గుంజకు వల తగిలించి, చిరుగు కుడుతూ కుడుతూ, పిలుపు వచ్చిందని చెక్క సూదిని వల కన్నులోనే వదిలేసి చెన్నై బోటు ఎక్కాడు. వచ్చి పూర్తి చేస్తానన్నాడు. ఇంజను చెడి, బోటు మూడు రోజులు కొట్టుకుపోయి, శ్రీలంక నీళ్ళలో తేలింది. తొమ్మిది మందినీ అక్కడివాళ్ళు పట్టుకున్నారు.

ఆ సంగతి ఊరికి చేరకముందే ఒక కానిస్టేబులు మోటారు సైకిలు మీద వచ్చాడు. బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. మాల్యాద్రి ఉన్నాడా అని అడిగాడు. లేడు సార్ అంది పోలేరమ్మ. ఇంట్లో లేడని ఆమె ఉద్దేశం. ఎక్కడికి పోయాడని అడిగాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. మనిషి నీళ్ళ మీద ఉండగా ఆ ఇంటి ఆడది 'పోయినాడు' అనదు. వాళ్ళమ్మ అనలేదు, వాళ్ళమ్మమ్మ అనలేదు. పోలేరమ్మ నోరు కట్టేసుకుని సముద్రం వైపు చూసింది. అతను మరో మాట ఏదో అడిగాడు, బండి చప్పుడులో వినబడక మళ్ళీ "లేడు సార్" అంది. అతను చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

కోర్టు తొమ్మిది మందినీ వదిలేసింది. కానీ వాళ్ళు మన దేశం మనుషులేనని ఇక్కడి నుంచి కాగితం వచ్చేదాకా ఇమిగ్రేషన్ క్యాంపులో ఉండాలట. అది ఎక్కడుందో కనుక్కోవడానికే పోలేరమ్మకు మూడు నెలలు పట్టింది. తమ్ముడి ఫోటోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసులన్నీ తిరిగింది. ఎవరూ కసరలేదు, ఎవరూ చెప్పలేదు. చివరికి అదే బోటు మనిషి పెంచలయ్య తిరిగొచ్చి చెప్పాడు. విమానాశ్రయం దాపున క్యాంపు, కిటికీ పక్కన మాల్యాద్రి మంచం, శనివారం ఫోను. ఎనిమిది మందికి కాగితాలు వచ్చాయి. ఆ పేరుగల మనిషి ఆ ఊళ్ళో లేడని మాల్యాద్రి విషయంలో మనవాళ్ళే రాసి పంపారు.

ఆ శనివారం ఫోను కలిసింది. తమ్ముడి గొంతు నవ్వుతూనే ఉంది.

"అక్కా, నేను అసలు లేనే లేనని రాసినారంట. ఎవురు చెప్పింటారు?"

"ఎవురోలే రా," అంది పోలేరమ్మ. ఆ అబద్ధం ఆరోజు నుంచి ఆమెతో కూర్చుంటోంది, తింటోంది, చేపలు తిరగేస్తోంది. గాలికి గుంజ మీద వల కదిలితే చాలు, ఎవరు చెప్పింటారని మళ్ళీ అడిగినట్టే ఉంటుంది. ఆమెకు దయ్యాల భయం ఎన్నడూ లేదు, ఈ ఒక్క మాటకే భయం.

ఈరోజు గూడూరు నుంచి పిలుపు వచ్చింది. తిరిగి విచారించమని పైనుంచి ఆర్డరు. చేపలు చూస్తుండమని పక్కింటామెకు చెప్పి పది గంటల బస్సెక్కింది. ఆ కానిస్టేబులు క్రాంతి కుమార్ ఇప్పుడు గూడూరు స్టేషన్లోనే ఉన్నాడు. బండి మీద కాకుండా కుర్చీలో చూస్తే ఇంకా కుర్రతనం పోని ముఖం. ఆ రోజు ఎందుకలా చెప్పావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. బండి దిగాల్సిందని తనలో తను అనుకున్నట్టు అని, ఫారం ముందుకు లాక్కున్నాడు.

"చెప్పమ్మా. మాల్యాద్రి ఉన్నాడా?"

పోలేరమ్మ లేచి నిలబడింది.

"ఉండాడు సార్. నా తమ్ముడు. మా కుప్పంలోనే పుట్టినాడు. ఉండాడు."

అతను రాసింది రెండుసార్లు చదివించుకుని, నకలు ఒకటి తీసుకుని రవికెలో పెట్టుకుంది. ఈ పూటే పంపిస్తానని, పది రోజుల్లో మనిషి వస్తాడని చెప్పి, క్రాంతి కుమార్ నిమ్మకాయ సోడా తెప్పించాడు. ఆమె వద్దనలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడు దిగగానే ఏమనాలో సర్దుకుంది. చెప్పింది నేనేరా అనాలి. వాడు నవ్వుతాడు. నవ్వనీ.

కుప్పంలో దిగేసరికి ఆమె వల దగ్గర పెంచలయ్య కూర్చుని నెత్తళ్ళు తిరగేస్తున్నాడు. మగవాళ్ళు ఆ పని చెయ్యరు. దానికే ఆమె అడుగు నెమ్మదించింది.

కాగితం తీసి చూపించింది. అతను చూడలేదు.

"లేడక్కా," అన్నాడు.

"యాడికి మార్చినారు?"

పెంచలయ్య చేపల మీద చెయ్యి అలాగే ఉంచాడు. చెప్పుకొచ్చాడు. కామెర్లు ముదిరాయట. ఆసుపత్రిలో చేర్చారట. మొన్న పొద్దున కన్ను మూశాడట. క్యాంపులో ఉన్నవాళ్ళెవరో ఇప్పుడే ఫోను చేశారు. అంటే ఆమె స్టేషన్లో నిలబడి ఉండాడు సార్ అన్నప్పటికే రెండు రోజులు.

పోలేరమ్మ ఏడవలేదు. ఏడుపు వచ్చే దారికి ఆ మాట అడ్డం పడిపోయింది. కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, ఇది ఇంక దేనికబ్బయ్యా అని అడిగింది.

"అది ఉంటేనే వాణ్ణి ఇంటికి పంపుతారంటక్కా," అన్నాడు పెంచలయ్య.

ఆమె దాన్ని మడిచి మళ్ళీ రవికెలో పెట్టుకుంది. మంచు పడకముందే చేపలెత్తాలి. కూర్చుని, జరుగుతూ జరుగుతూ, గంపలోకి ఎత్తింది. ఒక్క చేపను కూడా ఇసుకలో వదల్లేదు. గంప ఇంట్లో దించి గుంజ దగ్గర ఆగింది.

"చెప్పింది నేనేరా," అంది.

గాలికి వల కొంచెం కదిలింది. సగం కుట్టిన కన్నులో చెక్క సూది అలాగే ఉంది, దాని చుట్టూ ఇంకా బోలెడంత దారం.