ఎవరి చెవిలో ఎవరు

మా అమ్మకూ పిన్నికీ మాటల్లేవు. అయినా నెలలో నాలుగైదుసార్లు ఒకే వేదిక మీద పక్కపక్కన నిలబడి ఒకే పాటను ఇద్దరూ కలిసి పాడతారు. జనం వాళ్లను అక్కాచెల్లెళ్ల జోడీ అంటారు. నేను ఉప్పూ నిప్పూ అంటాను, అదీ వాళ్లకు వినపడకుండా.

గొడవకు కారణం వింటే నవ్వొస్తుంది. మూడు నెలల కిందట రేడియోవాళ్లు ఏదో అడిగితే పిన్ని, "మా అక్క ఈ మధ్య పాటను లాగుతోందండీ. నేను ముందుకెళ్లి, మలుపులో ఆగి, ఆవిడ కోసం ఎదురుచూడాల్సి వస్తోంది" అని నవ్వేసింది. ఆ సమయానికి అమ్మ వంటింట్లో రేడియో పెట్టుకుని గిన్నెలు సర్దుతోంది. ఆ పూట గిన్నెలు చాలాసేపు చప్పుడు చేశాయి. అంతే. అప్పటినుంచి ఒకరు గుమ్మంలోకి వస్తే ఇంకొకరు పెరట్లోకి వెళ్తారు. మధ్యలో నలిగేదాన్ని నేను. ఇంట్లో కబుర్లు మోసేదాన్ని, హాల్లో వాళ్ల గొంతులు మోసేదాన్ని. నా ఉద్యోగం సౌండ్ మిక్సర్ ముందు.

వేదిక మీద పాడేవాళ్లకు హాలు స్పీకర్లలోంచి వచ్చే పాట సరిగ్గా వినపడదు. అందుకని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. ఆ చెవిలోకి ఎవరి గొంతు ఎంత వెళ్లాలో నా ముందున్న నాబ్‌లు చెప్తాయి. వండినవి అవే కూరలు, వడ్డన మాత్రం ముగ్గురికి మూడు రకాలు: హాలుకు ఒకటి, అమ్మకు ఒకటి, పిన్నికి ఒకటి. పక్కవాళ్ల కంచంలో ఏం పడిందో ఎవరికీ తెలియదు. తెలిసేది నాకొక్కదానికే. అందుకే ఈ ఉద్యోగమంటే నాకు పిచ్చి ఇష్టం.

కార్యక్రమానికి ముందు మైకులు సరిచూసుకునే సౌండ్ చెక్ అంటే మా వాళ్లిద్దరికీ పండగే.

"అమ్మాయ్, నా చెవిలో నన్ను పెంచు. ఆవిణ్ని తగ్గించు" అంటుంది అమ్మ, ఆవిడ పక్కనే ఉండగా.

"చిట్టీ, నా చెవిలో ఇంకా ఎవరో వినపడుతున్నారే" అంటుంది పిన్ని.

"మా అమ్మే పిన్నీ."

"అదేలే, ఎవరో."

ఆ తరవాత ఇద్దరికీ ఎకో కావాలి. పొడిగొంతు చెవిలో పడితే ఇద్దరికీ మొహం మాడిపోతుంది. అడిగినంతా ఇచ్చుకుంటూ పోయాను. చివరికి అమ్మ చెవిలో పిన్ని లేదు, పిన్ని చెవిలో అమ్మ లేదు. పోయినసారి దాని ఫలితం చూశాం. అమ్మ ఇంకా ఆఖరి లైనులో ఉండగానే పిన్ని పాట ముగించి శ్రోతలకు నమస్కారం పెట్టేసింది. వయొలిన్ మాస్టారు ఎవరి వెంట వెళ్లాలో తెలియక కమాను గాల్లో పట్టుకుని ఉండిపోయారు.

ఇవాళ సాయంత్రం సౌండ్ చెక్‌కు ముందు పిన్ని నన్ను మేకప్ గదిలోకి లాగి తలుపు వేసింది.

"నీకు ముందుగా చెప్తున్నా. ఇదే ఆఖరు. ఇకనుంచి నేను ఒక్కదాన్నే పాడుకుంటా. ప్రోగ్రాం అయ్యాక మీ అమ్మకి చెప్తాను. నువ్వు నోరు జారావంటే చూడు మరి."

"మరి నేనో? ఎవరి వెంట రావాలి?"

"అది నీ ఇష్టం" అంది అద్దంలోకి చూస్తూ. నా వైపు చూడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను పెంచింది ఇద్దరూ. జడ వేసింది ఒకరు, ఆ జడ పట్టుకుని చదువుకు కూర్చోబెట్టింది ఇంకొకరు. ఇప్పుడు ఆస్తి పంచుకున్నట్టు నన్ను పంచుకుంటారా? ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కొంటెపని గుర్తొస్తుంది. అది చిన్నప్పటి జబ్బు.

మిక్సర్ దగ్గర కూర్చుని తీరిగ్గా తవ్వకం మొదలుపెట్టాను. సౌండ్ చెక్‌లో ఎవరికి కావలసింది వాళ్లకు ఇచ్చేశాను. ఇద్దరూ మూతులు తిప్పుకుంటూ తృప్తిపడ్డారు. కార్యక్రమం మొదలయ్యాక పాటకు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వచ్చాను. అమ్మ చెవిలో అమ్మను తగ్గించి పిన్నిని పెంచాను. పిన్ని చెవిలో పిన్నిని తగ్గించి అమ్మను పెంచాను. అనుమానం రాకుండా ఎవరి ఎకో వాళ్లకు వదిలేశాను. పాడేవాళ్లకు తమ గొంతు ఎలాగూ తలలో మోగుతూనే ఉంటుంది. దానికి కాస్త ఎకో తోక తగిలిస్తే, నేను భేషుగ్గా వినపడుతున్నాననుకుంటారు. అయితే నేను హాలు కోసం గొంతు తగ్గించినప్పుడల్లా చెవిలో ఎకో కూడా తగ్గితే దొరికిపోతాను కదా. అందుకని ఎకోకు వెళ్లే గొంతును ఫేడర్ కన్నా, అంటే హాలుకు గొంతును పెంచి తగ్గించే మీట కన్నా, ముందునుంచే తీసుకునేలా మార్చాను. ఫేడర్‌ను నేను పైకి జరిపినా కిందికి జరిపినా ఎకో అలాగే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో ఒక సంగతి మరిచిపోయాను. అది కాసేపట్లో వస్తుంది.

మూడో పాటకే తేడా తెలిసింది. పిన్ని పరుగు తగ్గింది. అమ్మ గొంతు పక్కనే ఉన్నప్పుడు ఎవరు పరిగెత్తగలరు? ఐదో పాటలో ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకున్నారు. వయొలిన్ మాస్టారు నా వైపు చూసి కనుబొమలెగరేశారు. నేను ఏమీ తెలియనట్టు పైకప్పు చూశాను. అయినా పాటల మధ్యలో ఒక్కరూ పక్కకు తిరగలేదు. మొహాలు మాత్రం గోడలే.

విరామం వచ్చింది. అమ్మ ఎడమవైపు గదిలోకి, పిన్ని కుడివైపు గదిలోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. చెంప దగ్గర అంటించుకున్న మైకులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. విరామంలో అమ్మ కూనిరాగం తీస్తూ గొంతు సరిచూసుకుంటుంది. పూర్తిగా మ్యూట్ నొక్కితే చెవి చచ్చిపోయిందని గోల. అందుకే నేను ఎప్పుడూ మ్యూట్ ముట్టుకోను, ఫేడర్లు మాత్రం దించుతాను. హాలుకు గొంతు ఆగుతుంది, చెవికి ఆగదు. ఎందుకంటే చెవికి వెళ్లే గొంతు ఫేడర్‌కు ముందే చీలిపోతుంది. వంటింటి కుళాయి కట్టేస్తే బాత్‌రూములో నీళ్లు ఆగవు కదా, అలాగ.

ఫేడర్లు దించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇద్దరి మైకులూ వింటూ వాటర్ బాటిల్ మూత తీశాను.

అమ్మ గదిలోకి వయొలిన్ మాస్టారు వచ్చారు. అమ్మ గొంతు తగ్గించి అంది: "మాస్టారూ, ఆఖరి పాటలో ఆ పొడుగు లైను ముందు మీరు ఇంకొంచెం లాగండి. నేనూ నిదానిస్తాను. దానికి ఊపిరి తీసుకోవడానికి చోటు కావాలి. ఆ జ్వరం వచ్చి లేచిన దగ్గర్నుంచి దానికి దమ్ము చాలడం లేదు. చెప్తే ఒప్పుకోదు, మొండిఘటం. మనమే సర్దాలి."

నీళ్లు నా ముక్కులోకి వెళ్లాయి. ఎందుకంటే పిన్ని చెవిలో ఇప్పుడున్నది నిండా మా అమ్మే.

"ఎవరికి దమ్ము చాలడం లేదు?" అంది పిన్ని.

అమ్మ ఉలిక్కిపడ్డట్టుంది, కుర్చీ కీచుమంది. "ఎవరది? నా చెవిలో నువ్వేం చేస్తున్నావే?"

"నీ చెవిలో నేనేంటి? నువ్వే నా చెవిలో ఉన్నావు!"

"నేనెక్కడికీ రాలేదు. నా గదిలో నేనున్నా."

"నా గదిలో నేనూ ఉన్నా. మాట మార్చకు. నాకోసం లాగుతున్నావా పాటని? ఇన్నాళ్లూ?"

"మరి ఎవరి కోసం లాగుతా, నా సరదా కోసమా? నువ్వు లైను మధ్యలో తెగిపోతుంటే నాకు గుండె జారిపోతోంది. నువ్వేమో రేడియోలో ఎక్కి నన్ను ముసలిబండిని చేశావు."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెప్తే వినేదానివా? సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోతే, గోడకి ఆనుకుని నిలబడి, నాకేం కాలేదు అన్నదానివి. నాకు తెలీదా నీ సంగతి?"

"ఆ సైకిలు తోసింది నువ్వే!"

"పట్టుకోమంటేనే తోశాను!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంతలో ఎవరో నా భుజం కుదిపారు. హెడ్‌ఫోన్స్ ఒకవైపు ఎత్తి చూస్తే హాలు మేనేజరు. మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, రెండో భాగం మొదలైపోయిందా? పైనుంచి ఏదో... దయ్యాలు తగువులాడుకుంటున్నట్టు..."

అప్పుడు విన్నాను. మాటలు లేవు, మాటల తోకలు మాత్రం హాలంతా తేలుతున్నాయి. ఊఁ అని ఒకటి, ఆఁ అని ఒకటి, ఒకదాన్నొకటి తరుముతున్నాయి. మరిచిపోయిన సంగతి ఇదే. ఎకోకు వెళ్లే గొంతును ఫేడర్ కన్నా ముందు తీసుకున్నాను; కానీ ఆ ఎకో వెళ్లేది వాళ్ల చెవుల్లోకి మాత్రమే కాదు, హాలుకు కూడా. ఫేడర్ దించితే గొంతు పోయింది, దాని దయ్యం మిగిలింది. కాఫీకి వెళ్లినవాళ్లు కప్పులతో సహా వెనక్కి వచ్చి కూర్చుని పైకప్పు చూస్తున్నారు. ముందు వరసలో ఒకాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు కూడా.

"ఇది నొక్కితే ఆగుతుందా?" అంటూ మేనేజరు అమ్మ మ్యూట్ బటన్ మీదికి వేలు చాచాడు.

ఆ చేతి మీద ఒక్కటి వేశాను. పెద్దమనిషని కూడా చూడలేదు. ఎందుకంటే నా రెండో చెవిలో అప్పుడే పిన్ని, "అక్కా, నేను ఇవాళ్టితో మానేద్దామనుకున్నా" అంది. ఆ మాటకు జవాబు రాకముందే తెగిపోతే ఇక ఎప్పటికీ రాదు. మళ్లీ ఒకరు గుమ్మంలోకి, ఒకరు పెరట్లోకి.

గబగబా, ఎకోను హాలుకు పంపే ఫేడర్లు వెతికి కిందికి లాగాను. హాలు నిశ్శబ్దమైంది. వాళ్ల చెవులు మాత్రం అలాగే తెరుచుకుని ఉన్నాయి.

"తెలుసు" అంది అమ్మ.

"ఎవరు చెప్పారు? ఆ చిట్టేనా?"

నేను నిర్దోషిని, కానీ ఎవరికి చెప్పుకోను?

"దానికేం సంబంధం లేదు. నీ మొహమే చెప్పింది. ఆఖరిసారి చేసే పనికి నువ్వెప్పుడూ బాగా తయారవుతావు. డాన్స్ క్లాసు మానేసిన రోజు కూడా ఇస్త్రీబట్టలు వేసుకుని వెళ్లావు. ఇవాళ నువ్వలా తయారవడం చూసి, అయిపోయింది అనుకున్నా."

"మరి ఆపొచ్చుగా?"

"నువ్వు మాట్లాడితేగా ఆపడానికి!"

పిన్ని ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం ఆవిడకు వచ్చు, కానీ చెంప మీదున్న మైకుకు రాదు.

"ఆ పొడుగు లైను నువ్వు ఎత్తుకో" అంది అమ్మ. "దమ్ము అయిపోయే ముందు నేను అందుకుంటా. అతుకు ఎవరికీ కనపడకూడదు."

"నువ్వు లేటుగా అందుకుంటావు."

"నువ్వు వినపడితే ఎందుకు లేటవుతాను?"

మేనేజరు ఇంకా చెయ్యి రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. "ఏమైంది మేడమ్?" అన్నాడు. "కొత్త ప్రయోగమండీ, మామూలుగా అయితే టికెట్ ఎక్కువ పెట్టాలి" అన్నాను.

రెండో భాగానికి ఇద్దరూ రెండు వైపులనుంచి వచ్చి నిలబడ్డారు. ఎదురుగా చీకట్లో ఉన్న నన్ను ఇద్దరూ కళ్లు చికిలించి చూశారు. తేలు కుట్టిన దొంగలా మిక్సర్ వెనక్కి జారాను.

"అమ్మాయ్, నా చెవిలో దాన్ని ఇంకొంచెం పెంచు" అంది అమ్మ.

"నా చెవిలో నన్ను తగ్గించు" అంది పిన్ని. "అక్క ఎక్కడ తప్పు పాడుతుందో వినాలి."

ఆఖరి పాటలో పొడుగు లైను వచ్చింది. పిన్ని ఎత్తుకుంది. ఎక్కడ వదిలిందో, అమ్మ ఎక్కడ అందుకుందో హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ఇన్నేళ్లుగా వింటున్న నా చెవులకూ అందలేదు. మిక్సర్ మీద దీపాలు చూస్తేనే తెలిసింది: ఒక వరస మెల్లగా దిగుతుంటే పక్కవరస మెల్లగా ఎక్కింది. నా కళ్లు మసకబారి ఆ తరవాత దీపాలు కూడా కనపడలేదు.

అంతా అయ్యాక వైర్లు చుట్టుకుంటున్నాను. ఇద్దరూ కలిసి వచ్చారు. కలిసి వస్తే నాకు మూడిందని చిన్నప్పటినుంచీ తెలుసు.

"మా చెవులు తారుమారు చేయమని నీకెవరు చెప్పారే?" అంది అమ్మ.

"పైగా హాలంతా వినిపించిందట. మాస్టారు చెప్పారు" అంది పిన్ని.

"మాటలు వినపడలేదు పిన్నీ, తోకలే..."

"నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ, ఒకే తాళంలో.

పిన్ని అమ్మ వైపు తిరిగింది. మూడు నెలల తరవాత మొదటిసారి, చెవిలోకి కాకుండా మొహంలోకి చూస్తూ మాట్లాడింది. "వచ్చే ప్రోగ్రాంకి దీన్ని తీసేద్దాం అక్కా. మనకి ఇంకో మనిషిని చూసుకుందాం."

"చూసుకుందాం" అంది అమ్మ.

వైరు చుట్ట చేతిలోంచి జారి కింద పడింది. ఉద్యోగం ఊడినందుకు అంత సంతోషించిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు.