శని చుట్టూ అలలు

మొగుడు తోమాసు ఏదో దాస్తున్నాడని సువార్తకు నెల రోజులుగా అనుమానం. పిలిస్తే పలకడు, నిలదీస్తే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. గనిలో కప్పు పరీక్షించే పని అతనిది. పైరాతిని ఇనుప కడ్డీతో కొట్టి, ఖంగుమంటే గట్టిదని, డొల్లగా మోగితే ఊడిపడుతుందని చెప్పాలి. అతను సరేనన్నాకే మిగతావాళ్లు దాని కిందికి వెళ్తారు. అలాంటి మనిషి తాగుడుకు మరిగాడా? ఎవత్తెనైనా చేరదీశాడా? గనుల్లో మనుషుల్ని తగ్గిస్తారని తాముండే లాల్‌పేటంతా గుబులుగా ఉన్న రోజులవి, ఆ దిగులేనా? మొహం చూస్తే మాత్రం చర్చి పెద్దలా ప్రశాంతం.

నాగపూర్‌లో ఎమ్మెస్సీ చదివే కూతురు రెబెక్కా సెలవులకొచ్చి, శనిగ్రహం బొమ్మ ముందేసుకుని కూర్చుంది. శని పేరు వినగానే సువార్తకు ఇంకో అనుమానం.

"జాతకాలు గిట్ల నేర్సుకుంటున్నవా ఏంది?"

"కాదమ్మా. శని మీద నిలబడనీకి నేలే లేదు. పైన మబ్బులు ఒక్కోచోట ఒక్కో జోరుతోని ఉరుకుతయ్. వాటిని చూస్తే లోపలెంత జోరుగ తిరుగుతుందో తెల్వది. లోపల గంట లెక్క ఊగుతుంటే, ఆ గుంజుడుకు చుట్టున్న వలయాల్ల అలలు లేస్తయట. అవి లెక్కగడితే లోపలి తిరుగుడు దొరుకుతదంటరు. ఇంక రుజువు కాలే, మా సార్లకే సగం డౌటు."

"అంటే దాన్ని కాదు, దాని సుట్టున్నదాన్ని చూడాలె."

"బరాబర్."

సువార్త చేతిలోని చేట పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లూ మొగుడి మొహమే చూస్తూ కూర్చున్నందుకు తనను తానే తిట్టుకుంది.

మర్నాడు షిఫ్టు వేళకు గనిలో తోమాసుకు జోడీగా పనిచేసే ఇస్తారి వచ్చాడు. ఒకప్పుడు గల్లీ మొదట్నుంచే "తోమాసన్నా!" అని కేకేసేవాడు. ఇప్పుడు లోపలిదాకా వచ్చి భుజం తట్టాడు. చాలా రోజులుగా అంతే చేస్తున్నాడని ఆమెకు అప్పుడు తట్టింది. తోమాసు బూట్లు తొడుక్కుంటుంటే వీపు వెనక నిలబడి, ఇత్తడి చెంబును గరిటెతో గట్టిగా కొట్టింది. ఇస్తారి ఉలిక్కిపడ్డాడు. తోమాసు తలెత్తకుండా తాడు ముడేసుకుంటూనే ఉన్నాడు.

"చెవులు ఇనబడక ఎన్నాళ్లాయె?" అని ఇస్తారిని అడిగింది.

"ఎవరికీ చెప్పకు వదినా, పని పోతది. అన్న కొట్టినంక నేను మల్ల కొట్టి ఇంటున్న."

"మొన్న జరమొచ్చి నువ్వు ఇంట్ల పన్నవ్ గద! ఆ దినం ఎవలు ఇన్నరు?"



సువార్తకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మొగుడి ముందు కూలబడి, పెదవులు కనబడేలా మొహం ఎత్తి, "ఆపీసుల నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది.

తోమాసు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేనే చెప్త," అన్నాడు, వీధంతా వినబడేంత గట్టిగా.