అద్దం మీది ఆవిడ

పొద్దున్నే టీ కప్పు పట్టుకుని చున్-హేయ్ ఉప్పునీళ్ళ చేపల తొట్టి ముందు కూర్చునేవాడు. దాని అద్దం మీద పచ్చటి పాచి, ఆ పాచిలో చనిపోయిన మొదటి పెళ్ళాం వాయ్-సిమ్ మొహం. పోయినవాళ్ళే అలా వస్తారని ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఎదురింటావిడ కూడా వచ్చినప్పుడల్లా "ఈ వారం బుగ్గలు కాస్త నిండాయే!" అని దాన్ని పలకరించి పోయేది. అతను ఆ మొహంతో గంటలకొద్దీ కబుర్లాడేవాడు. రెండో పెళ్ళాం లై-ఫాన్‌తో మాత్రం "కూరలో ఉప్పు తక్కువైంది" అనేవాడు. ఏడేళ్ళూ అంతే.

ఆమెది గొంతెమ్మ కోరికేం కాదు. ఒక్కపూట తనవైపు తిరిగి మాట్లాడితే చాలు.

ఓ ఆదివారం మాంగ్‌కాక్‌లో పెంపుడు చేపలమ్మే వీధికి వెళ్ళింది.

"పాచి తినేవి కావాలి, ఫుంగ్ బాబాయ్."

"ఏ పాచి? జుట్టులా పెరిగేదా, దుమ్ములా పట్టేదా?"

"మనిషి మొహం."

"ఓ, వాయ్-సిమ్మా!" ఆ తొట్టి అమ్మిన కొట్టు ముసలాయన తల గోక్కున్నాడు. "నత్తలు పట్టుకెళ్ళు. నింపాదిగా తింటాయి, పల్చటి నీడ మిగులుస్తాయి. దాంతో సర్దుకుపో."

"నీడ కూడా ఉండకూడదు."

"పాచి కొరికే చేపుంది. బుద్ధి పుడితేనే తింటుంది, మీ ఆయన్లాగే."

"ఆ మూల రాయి మీద పాకుతున్న నల్ల ముళ్ళబంతి?"

"అది రాకాసమ్మా! అద్దానికి పట్టిన గులాబీరంగు గార దాకా గీకేస్తుంది. ఉప్పునీళ్ళలో అద్దం బోడిగా ఉండదు తల్లీ, ఇంకోటి మొలుస్తుంది."

"మొలవనీ."

ముళ్ళబంతి గడ్డం దగ్గర మొదలుపెట్టింది. లై-ఫాన్ ఎదురుగా స్టూలు వేసుకుని పుచ్చగింజలు నములుతూ చూసింది. నోరు పోయింది, ముక్కు పోయింది. చున్-హేయ్ చెయ్యి పెట్టి లాగబోతే వేళ్ళలో ముళ్ళు దిగాయి.

"తొట్టి శుభ్రమవుతుంటే ఏడుపెందుకండీ?" అంది. ఏడేళ్ళ కడుపుమంట మరి, నేనైతే తప్పు పట్టను. నాలుగో రోజుకి కళ్ళూ పోయాయి. అతను ముళ్ళబంతిని బకెట్లో వేసి కొట్టువాడికి తిరిగిచ్చేశాడు.

పదిహేను రోజులకి అద్దం మీద కొత్త మొహం వచ్చింది. పొట్టి ముక్కు, పెదవి పక్కన పుట్టుమచ్చ. లై-ఫానే. చూసి ముందు మురిసిపోయింది కూడా, పిచ్చిది.

ఎదురింటావిడ వచ్చి అద్దానికి దణ్ణం పెట్టింది. "అయ్యో, చిన్న వయసే!"

"నేనిక్కడే ఉన్నానక్కా" అంది లై-ఫాన్, ఆమె మోచెయ్యి పట్టుకుని.

"అవునమ్మా, ఇక్కడే ఉండు, మీ ఆయన కళ్ళముందే" అంది ఆవిడ అద్దంతో. ఆ పూట నుంచి ఇంట్లో ఉన్న అత్తగారు కూడా అన్నానికి ఒక గిన్నె తక్కువ పెట్టసాగింది.

తర్వాతి ఆదివారం పెళ్ళిళ్ళ పేరమ్మ ఓ పిల్లని వెంటబెట్టుకొచ్చింది. అత్తగారు వంటింటివైపు కేకేసింది. "ఏమే, టీ తే! చిక్కగా తే, కొత్తవాళ్ళు."

లై-ఫాన్ అందరికీ పోసింది. పిల్ల అద్దం చూసి మెల్లిగా అడిగింది. "ఈవిడెలా ఉండేవారండీ?"

చున్-హేయ్ కళ్ళు తుడుచుకున్నాడు. లై-ఫాన్ వంట గురించి, ఆమె నవ్వు గురించి, ఆమె ఓర్పు గురించి అరగంట చెప్పాడు. వెనక టీ కూజా పట్టుకుని లై-ఫాన్ అంతా వింది. ఆ తర్వాత ఖాళీ కప్పులు తీసుకుని కడగడానికి వెళ్ళింది.