తీసేసిన వంపు

మా ఆసుపత్రిలో ఆవిరి గొట్టాల పటాలు కంప్యూటరులో గీసేది నేనే. బాయిలరుకో డబ్బా, వంటగదికో డబ్బా, బట్టలుతికే గదికో డబ్బా పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి గీత లాగాలి. డబ్బాను ఎటు జరిపితే గీత అటు వస్తుంది. రెండు గీతలు కలవకుండా ఒకదాన్నొకటి దాటితే, ఆ చోట సాఫ్ట్‌వేరు తనంతట తానే ఒక గీతకు చిన్న వంపు పెడుతుంది. ఈ గొట్టం ఆ గొట్టంలో కలవలేదు, పైనుంచి పోతోంది అని దాని అర్థం.

కొత్త భవనం పటంలో అలాంటి వంపులు పదిహేడు వచ్చాయి. కాగితం నిండా పులిపిర్లు లేచినట్టు అనిపించింది. ఒక్క మీట నొక్కి అన్నీ తీసేశాను. డబ్బాలన్నీ ఒక వరుసలోకి తెచ్చాను. సూపరింటెండెంటుగారు చూసి, "ఏమయ్యా, ఇది పటమా, పెళ్లి శుభలేఖా!" అని మెచ్చుకుని బాయిలరు గదిలో అతికించారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మా బావమరిది అక్కడే ఫిట్టరు. అందరూ వాణ్ణి పానా అంటారు. పాత భవనం నుంచి వచ్చి పది రోజులే అయింది. ఉతికే గది గొట్టానికి అతుకు మార్చాలి. వంపు లేకపోవడంతో పటంలో అది వంటగది గొట్టంతో కలిసినట్టే ఉంది. వాడు వంటగది వాల్వు కట్టేసి, రెండూ ఆగాయనుకుని అతుకు విప్పాడు. ఆవిరి ఎగదన్నింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

విచారణలో నేనూ ఉన్నాను.

"గొట్టం మీద చెయ్యి పెట్టి చూసుకోవద్దూ? ఇన్నేళ్ల అనుభవం గాలికి పోయిందా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

వాడు ఒకసారి నా వైపు చూశాడు. "పొరపాటే సార్" అన్నాడు. తప్పు తనదేనని రాసిన కాగితం మీద ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు. వాల్వుల పని నుంచి తీసేసి, సామాన్ల గదిలో వేశారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ సాయంత్రమే వంపులన్నీ మళ్ళీ పెట్టి, గోడ మీది కాగితం చప్పుడు లేకుండా మార్చేశాను. సరిదిద్దుతున్నాననే అనుకున్నాను. దాచడానికీ దిద్దడానికీ అదే పని సరిపోతుందని అప్పటిదాకా తెలియదు.

ఆదివారం వాడు భోజనానికి వచ్చాడు. మా ఆవిడ అన్నం కలిపి ముద్దలు పెడుతూ తిడుతోంది. "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు! మీ బావ అంత శుభ్రంగా గీసిస్తే చదువుకోలేకపోయావా?"

"చదువబ్బితే మీ ఆయనలా కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదూ" అని నవ్వాడు వాడు.

ఆ వారమంతా పొద్దున్నే దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకు చెప్పుకోవడం తేలిక, ఎదురు ప్రశ్న వెయ్యడు. అసలు ఆయన వింటున్నది నా ప్రార్థననా, నేను మింగేసిన మాటనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

"తప్పు వాడిది కాదు. దాటే గీతల మీది వంపులు నేనే తీసేశాను" అన్నాను.

మా ఆవిడ చెయ్యి కంచం మీద ఆగింది.

"తెలుసు బావా. కాగితం మార్చిన మర్నాడే చూశా" అన్నాడు వాడు.

"మరి చెప్పలేదేంరా?"

"అక్క మొగుణ్ణి పట్టిచ్చి అక్కింట్లో అన్నమెలా తిననూ? అయినా నువ్వే చెప్తావేమోనని చూశా."

మా ఆవిడ నా కంచం పక్కకు జరిపి, వాడికి ఇంకో ముద్ద కలిపింది.

సోమవారం నా తప్పు రాసిన కాగితం పట్టుకెళ్తే సూపరింటెండెంటుగారు తోసేశారు. "మానిన పుండు కెలక్కు. పరువు పోయేది నీదే."

"పోవాల్సింది నాదే సార్. పోయింది వాడిది" అని కాగితం బల్ల మీదే పెట్టి, బాయిలరు గదికి వెళ్లాను. ఫిట్టర్లు ఐదుగురున్నారు. జరిగింది మొదటి నుంచి చెప్పాను.

పెద్ద ఫిట్టరు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "వారం నుంచి వాణ్ణి ఉడుకు పానా, గుడ్డి పానా అని ఆడిపోసుకున్నాం. ఆ మాటలన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోమంటారు సార్?"

ఆయన గుడ్డ పక్కన పడేసి సామాన్ల గది వైపు నడిచాడు. మిగతా వాళ్ళూ కదిలారు. రమ్మని ఎవరూ అనలేదు. అయినా అందరికన్నా వెనక నేనూ వెళ్లాను.