రేగుకంపతో వచ్చిన దారం

మేకలు దూరకుండా దొడ్డికి రేగుకంప వేసింది నేనే. సముద్రం ఒడ్డు దిబ్బల మీద కొట్టి మోసుకొచ్చాను. కంపలో పసుపుపచ్చ దారంలాంటి తీగ చిక్కుకుని ఉంది. ఆకు లేదు. వేరు లేదు. చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఉండనిచ్చాను.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలం అది. మాది వాకాడు దగ్గర పల్లె. దూది ఏకి పరుపులు కుట్టడం నా పని. దొడ్లో ఉన్న పదకొండు మల్లెపొదలూ నా భార్య చాంద్‌బీ పెంచినవి. గూడూరులో ఉన్న మా అమ్మాయి ముంతాజ్‌కు రెండుసార్లు కడుపు పోయింది. మూడేళ్లు వరసగా గంధం పండగకు దర్గాలో పూలచాదర్ కప్పుతానని చాంద్‌బీ మొక్కుకుంది. కొన్న పూలు కాదు, సొంత దొడ్డి పూలే. రెండేళ్లు కప్పింది. ఇది మూడో ఏడు. ముంతాజ్‌కు ఏడో నెల.

పండగ ఇరవై రోజులుందనగా ఆ దారం కంప మీదినుంచి మొదటి పొద మీదికి పాకింది. పక్కింటి కరుణాకుమారి, మిషను బడి పంతులమ్మ, పిట్టగోడ మీదుగా చూసి కేకేసింది.

"షావలన్నా, అది చెట్టు రసం తాగే తీగ. ఆ పొదను మొదలంటా నరికి కాల్చెయ్. ఒక్క ముక్క మిగిలినా మళ్లా అల్లుకుంటాది."

"మొగ్గ వేసే చెట్టును నరకమంటావా టీచరమ్మా? మా పీరు ఒప్పుకోడు," అంది చాంద్‌బీ.

"అయితే ఈ ఏడు మీ పీరుకు పోగులే కప్పుదువులే!"

నేను కత్తి తీయలేదు. దూదిలో గింజ, పుల్ల, నలుసు ఏదున్నా వేలితో తీసేవాణ్ణి, దారం తీయలేనా అనుకున్నాను. పొద ముందు గొంతుక్కూర్చుని కొమ్మకొమ్మనూ విప్పదీశాను. మెత్తటి తీగ, ఊరికే తెగేది. తెగిన ముక్కలు పక్క పొదల మీద రాలాయి. మిగతావి గుప్పెళ్లతో గోడ అవతలికి విసిరాను. రెండు రోజులకు పొద శుభ్రంగా కనిపించింది. ఆ పూట చాంద్‌బీ చేపల పులుసు పెట్టింది.

ఆరో రోజుకు నాలుగు పొదలు పసుపు. మళ్లీ తీశాను. పదో రోజుకు తొమ్మిది. తీసినకొద్దీ వచ్చింది. చుట్టుకున్నచోటల్లా సన్నటి నోళ్లు పెట్టి కొమ్మను పట్టుకుంది. లాగితే బెరడు ఊడింది. మొగ్గలు ఆవగింజంత ఉండగానే నల్లబడి రాలాయి.

అప్పుడు గుర్తొచ్చింది. టీచరమ్మ దొడ్లో రెండు మల్లెపొదలున్నాయి. చాంద్‌బీ ఇచ్చిన కొమ్మలు నాటినవే. ఆ పూలూ మావే అవుతాయి. అడుగుదామని వెళ్లాను. మోడులున్నాయి. పక్కన బూడిద.

"నిన్ననే కాల్చినా," అంది కరుణాకుమారి. "గోడ మీదినుంచి పోసింది నువ్వే గదన్నా. దూది ఏకినట్టు ఏకి ఏకి నాకూ పంచినావు."



పండగ రోజు పొద్దున చాంద్‌బీ బుట్ట పట్టుకుని పదకొండు పొదలూ తిరిగింది. చేరెడు మొగ్గలు దొరికాయి. మూరెడు దండ కూడా రాదు. అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు.

"కొని కప్పుదామా?" అన్నాను.

"కొన్నవి కప్పి సొంతవని చెప్పేదా? బిడ్డ కడుపుతో ఉండాది. దాని మీద అబద్ధం పెడతావా?"

కత్తి తీసుకుని అన్ని పొదలూ నరికాను. కంపతో సహా కుప్పేసి అంటించాను. పచ్చి కొమ్మలు, చాలాసేపు పొగే వచ్చింది. పొద్దు వాలేవేళకు గంధం డప్పులు వినిపించాయి. చాంద్‌బీ మొగ్గలు ఆకులో పొట్లం కట్టుకుని లేచింది. గడప దగ్గర ఆపాను. దర్గా చుట్టూ గోరింట కంచె ఉంది. పొట్లం విప్పి ఒక్కో మొగ్గనూ వెలుతురుకు పట్టి చూశాను. ఒకదాని కాడకు వెంట్రుకంత దారం. తీసి మంటలో వేశాను.

"పొద్దు పోతా ఉండాది. ఇయ్యి," అంది.

ఇచ్చాను.

"పీరుకు చెప్పు. కంప తెచ్చింది నేను. నరకమంటే నరకనిది నేను. ఏమన్నా తీసుకునేది ఉంటే నా దగ్గర తీసుకోమను. బిడ్డ జోలికి పోవద్దను."

"ఆ మాట నా నోట రాదు. నువ్వే వచ్చి చెప్పుకో."

మంట వైపు చూశాను. గోడ అవతల కరుణాకుమారి నిలబడి ఉంది.

"పో అన్నా. ఒక్క పోగు మిగలకుండా నేను చూస్తాలే," అంది.

చేతుల మసి తుడుచుకోకుండానే చాంద్‌బీ వెనక నడిచాను.